పైన పెచ్చు, కింద జావ

మా అమ్మాయికి కెనడాలోని విన్నిపెగ్‌లో ఉద్యోగం వచ్చిందన్నప్పుడు ఇంట్లో అందరూ చలి గురించే మాట్లాడారు. మైనస్ ముప్పై అట, తడి జుట్టుతో బయటికెళ్తే వెంట్రుకలు పుల్లల్లా బిగుసుకుపోతాయట. మా ఆవిడ స్వెట్టర్ల లెక్కలో పడింది. నాకు మాత్రం అక్కడి మట్టి గుర్తొచ్చింది.

"అక్కడ ట్రాన్స్‌కోనా అని ఒక ఊరుండాలమ్మా" అన్నాను.

"ఊరు కాదు నాన్నా, ఎప్పుడో సిటీలో కలిసిపోయింది. అయినా నీకెలా తెలుసు?"

ఎలా తెలుసంటే, కాకినాడలో ఇంజనీరింగ్ చదివే రోజుల్లో ఆ పేరు మీద నాకు పదికి ఎనిమిది మార్కులు వచ్చాయి. తర్వాత తొమ్మిదేళ్ళకి అదే పాఠం ఒక పంట బోదె గట్టున ఎదురైతే గుర్తుపట్టలేకపోయాను. ఈ రెండో సంగతి మా అమ్మాయికి అప్పటిదాకా చెప్పలేదు.

1974లో అనుకుంటా. సాయిల్ మెకానిక్స్, అంటే మట్టి బలాన్ని లెక్కగట్టే పాఠం, ఆ క్లాసు మధ్యాహ్నం పూట ఉండేది. హాస్టల్లో గోంగూర పప్పు, మజ్జిగ పులుసు లాగించి వచ్చిన వాళ్ళం, సగం మంది కునికేవాళ్ళం. మాస్టారు అది కనిపెట్టి ఫార్ములాలు పక్కన పెట్టి కథ ఎత్తుకునేవారు. ఆ రోజు బోర్డు మీద పక్కపక్కనే నిలువు గొట్టాలు గీసి "ఏంట్రా ఇది?" అన్నారు.

"కొవ్వొత్తుల పెట్టె సార్" అన్నాడు వెనక బెంచీ వాడొకడు.

"గాదెరా. మీ తాతల తడిక గాదె కాదు, కాంక్రీటు గాదె. దీన్ని కెనడాలో ఎలివేటర్ అంటారు."

గింజల్ని బకెట్ల బెల్టుతో పైకెత్తి, అక్కణ్ణించి గొట్టాల్లోకి పోస్తారు గనక ఆ పేరు. మా వాళ్ళు ఇద్దరు ముగ్గురు ఈ ముక్క వినకుండా నిద్రపోయి, పరీక్షలో లిఫ్టు కూలిపోయిందని రాసొచ్చారు. ఒకడైతే లిఫ్టు తాడు తెగడానికి కారణాలు కూడా రాశాడు.

కెనడా పశ్చిమాన పండిన గోధుమలు రైలెక్కి తూర్పు రేవులకు పోవాలంటే విన్నిపెగ్ దాటాలి. కోతల కాలంలో అక్కడి యార్డు వ్యాగన్లతో కిక్కిరిసిపోయేది. ఆ ఒత్తిడి తగ్గించడానికి కెనడియన్ పసిఫిక్ రైల్వే 1911లో నార్త్ ట్రాన్స్‌కోనాలో పది లక్షల బుషెళ్ళ (బుషెల్ గోధుమంటే ఇంచుమించు 27 కిలోలు) ఎలివేటర్ కట్టడం మొదలుపెట్టింది. యంత్రాలుండే వర్క్‌హౌస్ ఒకటి, దాని పక్కనే గింజలు నిల్వ చేసే బిన్‌హౌస్. మన కథంతా ఈ రెండోదాని గురించే. పొడవు 195 అడుగులు, వెడల్పు 77 అడుగులు. వరసకి 13 చొప్పున 5 వరసల్లో 65 గుండ్రటి గాదెలు, ఒక్కొక్కటి 92 అడుగుల ఎత్తు. గుండ్రాల మధ్య మిగిలే సందుల్ని కూడా వదలకుండా ఇంకో 48 చిన్న గాదెలుగా వాడుకున్నారు. గీసి లెక్క పెట్టండి, సరిగ్గా వస్తుంది, నేను పెట్టాను. ఇంత కట్టడానికీ కింద ఒకే ఒక్క కాంక్రీటు పలక, రెండడుగుల మందం. నేలకి 12 అడుగుల లోతులో బంకమట్టి మీద పరిచారు.

1913 సెప్టెంబరులో గింజలు పోయడం మొదలైంది. ఒక పక్కే బరువు పడకుండా అన్ని గాదెల్లోనూ సమంగా నింపుకుంటూ వచ్చారు. అక్టోబరు 18న, అప్పటికి 8,75,000 బుషెళ్ళు పడ్డాయి, కట్టడం కిందికి దిగుతోందని ఎవరో గమనించారు. గంటలో అడుగు దిగింది. ముందు తిన్నగానే దిగింది, తర్వాత పడమరకి వాలడం మొదలైంది. కూలిపోలేదు, విరగలేదు, నెమ్మదిగా, ఏనుగు కూలబడ్డట్టు ఒరిగింది. 24 గంటలు గడిచేసరికి నిలువుకి దాదాపు 27 డిగ్రీల వాలులో ఆగింది. కచ్చితంగా కావాలంటే 26 డిగ్రీల 53 నిమిషాలు (డిగ్రీలో అరవయ్యో వంతు ఒక నిమిషం). ఈ 53 నిమిషాలు రాసినందుకే నాకు ఒక మార్కు ఎక్కువ పడిందని నా నమ్మకం. పడమటి అంచు 24 అడుగులు భూమిలోకి పోయింది, తూర్పు అంచు 5 అడుగులు పైకి లేచింది. చుట్టూ నేల పొంగి కట్టలు కట్టింది.

మాస్టారు ఒరిగిన బొమ్మ గీసి చాక్‌పీసు దులుపుకున్నారు. గంట కొట్టారు. పాఠం అక్కడ ఆగిపోయింది. మర్నాడు వేరే చాప్టర్.

ఇప్పుడు ఆలోచిస్తే అనిపిస్తుంది, మాకు ఎప్పుడూ ఒరగడమే చెప్పారు. లేపడం ఎవరూ చెప్పలేదు, మేమూ అడగలేదు. సిలబస్‌లో లేదు గదా.

ఇక రెండో సంగతి. 1983. అప్పటికి నేను భీమవరం చుట్టుపక్కల చిన్నాచితకా ప్లాన్లు, ఎస్టిమేట్లు వేసుకుంటూ బతుకుతున్నాను. ఒక రైస్ మిల్లు యజమాని, మా నాన్నకి బాగా తెలిసిన మనిషి, మిల్లు వెనక కొత్త గోదాం కట్టాలన్నారు. మా నాన్న ఒకప్పుడు అదే మిల్లులో గుమాస్తా. కాటా దగ్గర కూర్చుని ఆయన రాసిన చిట్టాల మీదే నేను చదువుకున్నాను. అలాంటిచోట ఇంజనీరుగా అడుగుపెట్టడమంటే నాకు ఎంత గొప్పో చెప్పలేను. కొత్త చొక్కా కుట్టించుకున్నాను.

పునాదికి ముందు మట్టి పరీక్ష చేస్తానన్నాను. ఆ రోజుల్లో ఆ మాట అనేవాడే తక్కువ. నాలుగడుగుల గుంత తీయించి, అడుగున చదరపు అడుగు ఇనప పలక పెట్టి, మీద ఇసుక బస్తాలు పేర్పించి, పలక ఎంత దిగుతుందో స్కేలుతో కొలిచాను. ఇంచుమించు దిగనే లేదు. నల్ల బంక, పైన ఎండి రాయిలా ఉంది. గునపం వేస్తే టంగుమంది. కాయితం మీద అంకె వేసి, కింద గీత గీసి, సంతకం పెట్టాను.

మేస్త్రీ అప్పటికే అరవై దాటిన మనిషి. గుంత పక్కన గొంతుక్కూర్చుని, మట్టి పెళ్ళ వేళ్ళతో నలిపి చూసి అన్నాడు:

"బాబుగారూ, ఇది పైన పెచ్చండి. కింద జావండి. చెరువు ఎండితే సూడండి, పైన కుర్రోడు పరిగెడతాడు, ఎద్దు దిగబడిపోద్ది. ఇంకో రెండు నిలువులు దింపి సూద్దారండి."

"పరీక్ష చేశాం గదా" అన్నాను.

"ఆయ్, మీ ఇష్టమండి" అన్నాడు. అంతే. ఆ ఊళ్ళో "ఆయ్" అంటే ఒప్పుకున్నట్టు కాదని నాకు తెలుసు. అయినా ముందుకే పోయాను.

గోదాం లేచింది. ఇటుక గోడలు, పైన రేకులు. ఆ ఏడు దాళ్వా బాగా పండింది. బస్తాలు బళ్ళ మీద వచ్చి పడుతున్నాయి. జట్టు కూలీలు గోడ వారగా చూరు అందేంత ఎత్తు నెట్లు కట్టేశారు. నిండిన పదకొండో రోజు తెల్లవారుజామున మిల్లు కుర్రాడు సైకిల్ మీద వచ్చి మా తలుపు కొట్టాడు. ఇంజనీరు గారూ, గోడ బోదెలోకి పోతోందండీ, అని.

నేను వెళ్ళేసరికి బోదె వైపు గోడ జానెడు దిగి ఉంది. మూల దగ్గర గోడకి చెయ్యి దూరేంత బీట. గోదాం బయట, బోదెకి ఇవతల, నేల చిన్న గట్టులా ఉబ్బింది. అది చూడగానే నాకు కాకినాడ బోర్డు మీద చాక్‌పీసు గీత కళ్ళముందు కనిపించింది. కట్టడం దిగుతున్న పక్కనే నేల పొంగుతుంది. తొమ్మిదేళ్ళ క్రితం స్వయంగా గీసిన బొమ్మ. కడుపులో చల్లగా అయిపోయింది.

యజమాని కంగారుగా, తలుపు దగ్గర ఉన్న బస్తాలు ముందు బయటికి లాగండిరా అని అరుస్తున్నారు. తలుపు ఉన్నది దిగని పక్క. కూలీలు పట్టబోతుంటే మేస్త్రీ అడ్డం తిరిగాడు. "ఆగండెహె! అటు తీస్తే ఇటే తూగుద్ది. దిగిన పక్కే తియ్యండి, మీద నించి వరసకో వరస" అన్నాడు. మధ్యాహ్నానికి సగం నెట్టు దిగింది. సాయంత్రానికి గోడ ఆగింది. నేను తూకంగుండు వేలాడేసుకుని గంటగంటకీ గోడ వాలు కొలుస్తూ కూర్చున్నాను. అంతకన్నా నాతో పనేమీ లేకపోయింది.

యజమాని నన్ను ఒక్క మాట అనలేదు. "భోంచేశావా అబ్బాయ్?" అని అడిగారు. తిట్టినా బాగుండేది.

మర్నాడే బస్సెక్కి కాకినాడ పోయాను. కాలేజీ లైబ్రరీలో ఇంకా నన్ను గుర్తుపట్టే అటెండరున్నాడు. ట్రాన్స్‌కోనా మీద ఏముంటే అది తియ్యమన్నాను. దుమ్ము కొట్టుకుపోయిన జర్నళ్ళు రెండు మూడు దొరికాయి. ఆ రోజు పొద్దుగూకేదాకా చదివాను, ఆ చదువు ముందే చదివుంటే గోదాం నిలబడేది.

ట్రాన్స్‌కోనాలోనూ పరీక్ష చేశారు. అది నాకు క్లాసులో చెప్పారో, నేను కునికానో తెలీదు. పునాది గుంత అడుగున చిన్న పలక మీద బరువు పెట్టి చూశారు. చదరపు అడుగుకి 4 నుంచి 5 టన్నులు మోస్తుందని తేలింది. కట్టడం, గింజలు కలిపి వేసిన భారం 3 టన్నుల పైచిలుకు. కాయితం మీద బ్రహ్మాండంగా ఉంది లెక్క. సరిగ్గా నా కాయితం లాగే.

తిరకాసంతా పలక సైజులో ఉంది. అడుగు పలక తన కింద ఒకటి రెండు అడుగుల మట్టినే అడుగుతుంది. 77 అడుగుల కట్టడం అడుగున రాయి దాకా ఉన్న మట్టినంతా అడుగుతుంది. పైన ఉన్నది గట్టి బంక, కింద ఉన్నది అందులో ఇంచుమించు సగం బలం ఉన్న మెత్తటి బంక. చిన్న పలకకి ఆ కింది పొర ఉందన్న సంగతే తెలీదు. మేస్త్రీ చెరువు, కుర్రాడు, ఎద్దు అంటూ చెప్పింది ఇదే, బొమ్మలు లేకుండా.

అయితే 1913 వాళ్ళకి నాకు లేని సాకు ఒకటుంది. అప్పటికి మట్టికంటూ ఒక శాస్త్రం లేదు. దానికి పునాది వేసిన టెర్జాగి పుస్తకం వచ్చింది 1925లో. 1951లో ఆ ఎలివేటర్ పక్కన బోర్లు వేసి మట్టి నమూనాలు తీశారు. రాల్ఫ్ పెక్, బ్రయంట్ అనే ఇద్దరు వాటితో, నేల ఎంత బరువు మోస్తుందో చెప్పే కొత్త సిద్ధాంతాన్ని సరిచూసి 1953లో ప్రకటించారు. సిద్ధాంతం ప్రకారం ఆ నేల మోయగలిగింది చదరపు అడుగుకి 2.57 టన్నులు, కూలేటప్పుడు మీదున్నది 3.06. అంత పెద్ద కట్టడం మీద, అంత కచ్చితంగా బరువు తెలిసిన చోట, సిద్ధాంతాన్ని సరిచూసే అవకాశం మళ్ళీ మళ్ళీ రాదు. అందుకే ప్రపంచంలో ఎక్కడ సివిల్ చదివినా ఈ గాదె పేరు వస్తుంది. పాపం ఆ గాదె మనందరికీ పరీక్ష రాసిపెట్టింది.

3 టన్నులంటే ఎంతో ఆ లైబ్రరీ బల్ల మీదే మన భాషలోకి మార్చుకున్నాను. వాళ్ళ టన్ను 907 కిలోలు, మన ధాన్యం బస్తా 75 కిలోలు. అడుగు పొడవు, అడుగు వెడల్పు గచ్చు మీద 36 బస్తాల పైన. అలాంటి అడుగులు పదిహేను వేలు. మొత్తం గోధుమ మన బస్తాల్లో మూడు లక్షల పైన. కాంక్రీటు బరువు 20,000 టన్నులు విడిగా. నా గోదాం తప్పు కూడా అక్కడే బయటపడింది. నేను లెక్క కట్టింది గోడల బరువు. అసలు బరువు గోడది కాదు, గోడ వారగా నేల మీద నెట్టు కట్టిన ధాన్యానిది.

ఇక ఆ మట్టి పుట్టుక. మంచు యుగం చివర, పన్నెండు వేల ఏళ్ళ కిందట, కరుగుతున్న మంచు పలకల ముందు అగాసిజ్ అనే మహా సరస్సు నిలిచింది. ఇప్పుడున్న అయిదు గ్రేట్ లేక్స్ కలిపినా దానికి సాటి రావట. దాని అడుగున నిమ్మళంగా పేరుకున్న బురదే విన్నిపెగ్ నేల. ఎకరాలకెకరాలు బల్లపరుపు, గోధుమకి బంగారం. పంటకి మేలు చేసేదీ పునాదికి కీడు చేసేదీ ఒకే బంక. గోదావరి డెల్టా వాళ్ళకి ఇది చెప్పక్కర్లేదు.

అదే జర్నళ్ళలో ఇంకో సంగతి కూడా చదివాను. అదే సరస్సు బంక మీద, సరిహద్దుకి దక్షిణాన అమెరికాలోని ఫార్గోలో, 1955 జూన్‌లో ఇంకో కొత్త గోధుమ ఎలివేటర్ కూలింది. అప్పటికి ట్రాన్స్‌కోనా జరిగి 42 ఏళ్ళు, పెక్ వాళ్ళ పేపరు వచ్చి రెండేళ్ళు. అది ఒరగలేదు, నామరూపాల్లేకుండా పోయింది. చదివి నాకు కొంచెం ధైర్యం వచ్చిందని చెప్పడానికి సిగ్గేస్తోంది, కానీ వచ్చింది.

పొద్దు వాలాక దొరికింది నేను వెతుకుతున్న కాయితం. 1916లో అలెగ్జాండర్ అలేర్ అనే ఇంజనీరు రాసింది. గాదె ఎలా ఒరిగిందో కాదు, ఎలా లేచిందో.

27 డిగ్రీలు ఒరిగిన 20,000 టన్నుల కాంక్రీటుని ఏం చేస్తారు? పగలగొట్టి తీసేస్తారు అనుకుంటాం. పరీక్షించి చూస్తే గోడల్లో పైపై పగుళ్ళు తప్ప ఏమీ లేవు. అన్ని గాదెలూ, కింది పలకా ఒకే ముక్కగా పోసినందువల్ల మొత్తం ఒక పెట్టెలా ఉండిపోయింది. పెట్టె బాగుంది, నేల బాగాలేదు. అందుకని నేలని మార్చాలనుకున్నారు.

ముందు గాదెలకి కన్నాలు పెట్టి గింజలు బయటికి తీశారు. పక్కనున్న వర్క్‌హౌస్ కూడా అదే దారి పట్టకుండా దాని కింద రాతి దాకా కొత్త కాళ్ళు దింపారు. తర్వాత బిన్‌హౌస్ పని. ఒరిగిన కట్టడం కిందికి దూరి, మనిషి పట్టే గుంతలు సున్నపురాయి తగిలేదాకా తవ్వి, కాంక్రీటు స్తంభాలు పోశారు. అలాంటివి మొత్తం 70. తల మీద 20,000 టన్నులు వాలి ఉండగా లాంతరు వెలుగులో బంక తోడటం ఎలా ఉంటుందో ఊహించుకుంటే నాకు ఇప్పటికీ ఊపిరాడదు. దిగిన పక్కని జాకీలతో నెడుతూ, లేచిన పక్క కింద మట్టి కొంచెం కొంచెం తీసేస్తూ, అంగుళం అంగుళం నిటారుకి తెచ్చారు. పడినదాన్ని లేపడమంటే పడిన పక్కని ఎత్తడమే అనుకునేవాణ్ణి. సగం పని లేచి ఉన్న పక్కని దింపడమట. పాత ఎత్తుకి తేవాలని పంతం పట్టలేదు. అంతకన్నా కిందే నిలబెట్టి, స్తంభాల మీద కూర్చోబెట్టి, మళ్ళీ గోధుమ పోశారు.

రాత్రి బస్సులో భీమవరం వస్తూ నోటుబుక్కు నిండా రాసుకున్నాను. తెల్లారి మేస్త్రీకి చెప్పాను, రాయి తగిలేదాకా తవ్వి స్తంభాలు పోద్దామని.

ఆయన చుట్ట తీసి నవ్వాడు. "ఇక్కడ రాయెక్కడిదండి బాబుగారూ? పాతాళం దాకా ఇదేనండి."

నిజమే. ఆ దేశంలో యాభై అడుగుల దరిదాపుల్లో రాయుంది. మనకి అడుగున గోదావరమ్మే ఉంది. చివరికి మేస్త్రీ పద్ధతే చేశాం. గోడకి లోపలా బయటా సరుగుడు బాదులు జోడీలుగా దిగేశాం. గోడలో కన్నాలు పెట్టి పాత రైలు పట్టాలు దూర్చి, వాటి కొసలు బాదుల మీద కట్టిన దిమ్మెల మీద ఆనించాం. ఒకేసారి కాదు, ఒకటి విడిచి ఒకటి, ఒకచోట దిమ్మె గట్టిపడ్డాకే పక్కది. నేను చెప్పిన ముక్కల్లో ఆయన ఒప్పుకున్నది ఒక్కటే, గోడని పాత ఎత్తుకి లేపొద్దు, దిగినచోటే పట్టుకుందాం అన్నది. "అది బాగుందండి, ఎవరు సెప్పేరండి?" అన్నాడు. కెనడా వాళ్ళు అన్నాను. "ఆళ్ళకీ దాళ్వా ఉంటదాండి?" అని అడిగాడు.

రెండు నెలలు పట్టింది. రేకులు విప్పి ఆ పక్క మళ్ళీ సర్దాం. గోడ కొద్దిగా వాలే ఉండేది, తెలిసిన కంటికే కనిపించేది. నేను ఆ మిల్లుకి ఫీజు తీసుకోలేదు. మా నాన్నకి సంగతి తెలిసింది గాని, ఒక్కసారి కూడా నా దగ్గర ఎత్తలేదు. ఆ తర్వాత ముప్పై ఏళ్ళు నేను బోరు వెయ్యకుండా ఎక్కడా సంతకం పెట్టలేదు. ఆ పిచ్చికి చాలామంది క్లయింట్లు పారిపోయారు కూడా.

2016 వేసవిలో విన్నిపెగ్ వెళ్ళాం. జూన్‌లో రాత్రి తొమ్మిదిన్నరకి కూడా ఎండ. మా ఆవిడ ఆ ఎండకి వడియాలు పెట్టొచ్చని లెక్కలు వేస్తుంటే, నేను రోజూ మా అమ్మాయి వెంటపడ్డాను. "నయాగరా అడక్కుండా గోడౌన్ అడిగే తండ్రి మా ఫ్రెండ్స్‌లో ఎవరికీ లేడు" అంది. ఒక ఆదివారం ఎనిమిదేళ్ళ మనవణ్ణి కూడా ఎక్కించుకుని బయలుదేరాం.

ట్రాన్స్‌కోనా పేరు ట్రాన్స్‌కాంటినెంటల్ రైలు మార్గం పేరులో ముక్క, స్ట్రాత్‌కోనా ప్రభువు పేరులో ముక్క అతికించి పెట్టారట. కారులో మా అల్లుడు చెప్పాడు. మన ఊళ్ళో సినిమా హాళ్ళకి భార్యాభర్తల పేర్లు కలిపి పెట్టినట్టు.

రైలు పట్టాల పక్కన దూరం నుంచే కనిపించాయి. బూడిదరంగు గొట్టాలు, పక్కపక్కన. నేను ఏదో గుడి గోపురం కనిపించినట్టు సీటులో ముందుకి జరిగాను. దగ్గరికి వెళ్ళాక... ఏం చెప్పను. ఏమీ లేదు. చిన్న వయసులో పుస్తకంలో చూసిన ఒరిగిన బొమ్మే నా బుర్రలో ఉంది. ఎదురుగా నిటారుగా, మామూలుగా, కొంచెం మాసిన పాత గాదెలు. నేను అనుకున్నంత ఎత్తు కూడా లేదు. కిందికి దిగిన మేర భూమిలోనే ఉండిపోయింది గదా, అది తర్వాత తట్టింది. గాదెలో కొంత పాతర అయిందన్నమాట.

లోపలికి వెళ్ళలేదు, ఇంకొకరి స్థలం. రోడ్డు మీదే నిలబడ్డాం. నేను కథ మొదలుపెట్టాను, కొవ్వొత్తుల పెట్టె దగ్గర్నుంచి. బోదె గట్టు దగ్గరికి వచ్చేసరికి గొంతు కొంచెం పట్టేసింది. అమ్మాయి అంతా విని, "మేస్త్రీ పేరేంటి నాన్నా?" అంది. చెప్పాను. మా ఇంట్లో నా ప్రొఫెసర్ల పేర్లు అందరికీ తెలుసు, ఆ పేరు మాత్రం అదే మొదటిసారి వినడం. ఆయన 1991లో పోయాడు. గోదాం ఇప్పుడు లేదు, మిల్లు మూతబడి అక్కడ రొయ్యల చెరువులు వచ్చాయి.

మనవడు మధ్యలో విసుగొచ్చి, "తాతా, ఇప్పుడిది స్ట్రెయిట్‌గా ఉందా?" అని అడిగాడు.

మంచి ప్రశ్న. నా దగ్గర తూకంగుండు లేదు. వాడి బూటు లేసు ఒకటి విప్పించి, చివర కారు తాళాలు కట్టి, చెయ్యి చాచి, ఒక కన్ను మూసి, లేసుని గాదె అంచుకి సరిపెట్టి చూశాను. అల్లుడు ఫోటో తీస్తున్నాడు. రోడ్డు మీద పోయే కారొకటి నెమ్మది చేసి మరీ చూసింది. కానీ ఆ మైదానంలో గాలికి అడ్డమనేది లేదు. తాళాలు అటూ ఇటూ ఊగుతూనే ఉన్నాయి. అయిదు నిమిషాలు చూశాను. వాడు ఒంటికాలి మీద గెంతుతూ లేసు ఇచ్చెయ్యమని గోల పెడుతుంటే ఇచ్చేశాను.